ఫ్యాన్ మోత సరే, ఎలాంటి మోత?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువు కోసం రెండేళ్ల కిందట ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ కొన్నాం. ఏప్రిల్ నుంచి ఫ్యాన్ ఒకటే మోత. ఏదో సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే 92 డిగ్రీలు అని చూపించింది. కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. సర్వీస్‌కి ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇప్పుడే ఇవ్వక్కర్లేదండి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర కాబట్టి 92 అనగానే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ లాప్‌టాప్‌లలో వాడే ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటికి కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితే 100 డిగ్రీలు. కొన్నింటికి 105, 110 కూడా ఉంది. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ చేసే రైజెన్ ప్రాసెసర్లకైతే ఎక్కువగా 95 లేదా 100. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే లాప్‌టాప్ ఠక్కున ఆఫ్ అయిపోతుంది. కాలిపోయేదాకా ఊరుకోదు.

అసలు చూడాల్సింది 92 ఎప్పుడు వచ్చిందనేది. మీ అబ్బాయి గేమ్ ఆడుతున్నప్పుడో, పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేస్తున్నప్పుడో వస్తే అది మామూలే. పని పడగానే కొన్ని క్షణాలపాటు వేగం బాగా పెంచి, త్వరగా ముగించేయడం ఈ ప్రాసెసర్ల పద్ధతి. దాన్నే టర్బో బూస్ట్ అంటారు. ఏమీ తెరవకుండా ఊరికే పెట్టినప్పుడు 40 నుంచి 55, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచి వీడియో చూస్తుంటే 50 నుంచి 70, గట్టి పని పడితే 75 నుంచి 95. నా లెక్కలో ఇవన్నీ నిశ్చింతగా ఉండదగ్గ అంకెలే. ఖాళీగా ఉన్నప్పుడు కూడా 80 దగ్గరే తిష్ఠ వేసుకుని కూర్చుంటే మాత్రం ఏదో తేడా ఉన్నట్టు.

ఇక ‘ఏప్రిల్ నుంచి’ అన్నారు చూడండి, సగం జవాబు ఆ మాటలోనే ఉంది. ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి, వేడి రేకుల మీదుగా బయటికి తోస్తుంది. గది గాలి ఎంత వేడిగా ఉంటే లోపలి భాగాలు అంతకన్నా ఇంకొంత వేడిగా ఉంటాయి. జనవరిలో 25 డిగ్రీల గదిలో 60 చూపించిన ప్రాసెసర్, మేలో 40 డిగ్రీల గదిలో అదే పనికి 75 చూపిస్తే అందులో లాప్‌టాప్ తప్పేమీ లేదు. చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌ని గరిష్ఠంగా 35 డిగ్రీల గది వేడిలో వాడుకోమని స్పెసిఫికేషన్లలో రాస్తాయి. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో, ఏసీ లేని మేడ మీది గదిలో, మధ్యాహ్నం రెండింటికి ఆ నియమం పాటించేదెవరు? పాపం ఆ ఫ్యాన్ అరవక ఏం చేస్తుంది!

మిగతా సగం జవాబు దుమ్ము. నా పాత లాప్‌టాప్ మూడేళ్లయ్యాక ఇలాగే గోల పెడితే అడుగు మూత విప్పాను. ఫ్యాన్ రెక్కల మీద పెద్దగా ఏమీ లేదు. బాగానే ఉందే అనుకుని మూసేయబోయి, ఎందుకైనా మంచిదని ఫ్యాన్‌ని కూడా పైకి తీశాను. ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివర ఉండే సన్నటి రేకులకీ మధ్య, దీపం వత్తికి వాడే దూదిలాంటి బూడిదరంగు పొర ఒకటి అతుక్కుని ఉంది. పట్టుకుని లాగితే చెక్కుచెదరకుండా ఒక్క ముక్కగా వచ్చేసింది. దువ్వెన పళ్లలా ఉండే ఆ రేకుల సందుల్లోంచే వేడిగాలి బయటికి పోవాలి. అక్కడ అడ్డం పడితే ఫ్యాన్ ఎంత గింగిరాలు తిరిగినా గాలి ముందుకు కదలదు. ఆ పొర తీశాక, అదే ఎండలో, అదే పనికి మోత సగానికి సగం తగ్గింది. ప్రాసెసర్ మీద వేడిని బయటికి పంపడానికి పూసే పేస్ట్ మార్చలేదు, ఫ్యాన్ మార్చలేదు.

అందుకే షాపుకి ఇస్తే ‘లోపల రేకుల దగ్గర పట్టిన దుమ్ము తీయండి’ అని స్పష్టంగా చెప్పండి. పైపైన బ్రష్ కొట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మూత విప్పడం మీ అబ్బాయికి వచ్చంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కాకపోతే వారంటీ షరతులు ఒకసారి చూసుకోవాలి, లాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయాలి. దుమ్ము పోవడానికి గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా ఏ అగరబత్తి పుల్లో అడ్డం పెట్టాలి. బొంగరంలా తిరుగుతుంటే సరదాగానే ఉంటుంది కానీ బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాన్ని దీని దగ్గరికి తేవద్దు. దాంతో పుట్టే స్టాటిక్ కరెంట్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) లోపలి భాగాల్ని దెబ్బతీసే భయం ఉంది.

ఇంకో మాట. మీ అబ్బాయి పరుపు మీద బోర్లా పడుకుని వాడుతున్నాడా? చాలా లాప్‌టాప్‌లు గాలి లాక్కునేది అడుగు నుంచే. దుప్పటి ఆ రంధ్రాల్ని మూసేస్తుంది. బల్ల మీద పెట్టి, వెనక అంచు కింద ఒక పుస్తకం ఆనిస్తే చాలు, ఆ రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. కూలింగ్ ప్యాడ్ (లాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక) కొనడం ఆ తర్వాతి సంగతి.

ఇవన్నీ చేసినా వేసవి పోయేదాకా మోత భరించలేకపోతే, విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనేది కనిపిస్తే 100ని 99 చేయండి. చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఈ ఒక్క శాతంతో టర్బో బూస్ట్ ఆగిపోతుంది. నా దాంట్లో 90 దాటేది కాస్తా 70ల్లోకి దిగింది. వేగం కొంత తగ్గుతుంది. వర్డ్ ఫైళ్లకి, ఆన్‌లైన్ క్లాసులకి ఆ తేడా తెలియదు. గేమ్ ఆడితే మాత్రం మీ అబ్బాయి కనిపెట్టేస్తాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. గాలి వీచే ‘హుష్’ శబ్దం ఎంత పెద్దదైనా భయం లేదు. గరగరమని రాపిడి, టకటకమని కొట్టుకోవడం వినిపిస్తే బేరింగ్ అరిగిందనో, రెక్కలకు ఏదో తగులుతోందనో అర్థం. ఫ్యాన్ మార్చాల్సి రావచ్చు. అంతకన్నా ప్రమాదం, లాప్‌టాప్ సెగలు కక్కుతున్నా ఫ్యాన్ చప్పుడే వినిపించకపోవడం.

ప్రశ్న: నేను ఏమీ వాడకపోయినా, లాప్‌టాప్ ఆన్ చేసిన పావుగంట దాకా ఫ్యాన్ జోరుగా తిరుగుతుంది. తర్వాత సద్దుమణుగుతుంది. వైరసా?

జవాబు: మీరు వాడకపోయినా విండోస్ ఊరుకోదు కదా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ అన్న మాట మీద నొక్కితే ఎక్కువ పని చేస్తున్నవి పైకి వస్తాయి. జాబితాలో పైన యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ ఉంటే అది విండోస్ సొంత వైరస్ కాపలాదారు. అప్‌డేట్‌లు, ఫైళ్ల ఇండెక్సింగ్ (వెతకగానే దొరికేలా ఫైళ్ల పట్టిక రాసుకోవడం) కూడా ఈ టైమ్‌లోనే జరుగుతుంటాయి. వారానికోసారి తెరిచే లాప్‌టాప్ అయితే వారం పనీ అప్పుడే మీద పడుతుంది. పావుగంటలో సర్దుకుంటోందంటే వదిలేయండి. పేరు ఎప్పుడూ వినని ప్రోగ్రామ్ ఏదో గంటల తరబడి 50, 60 శాతం తింటుంటే అప్పుడు స్కాన్ చేయండి.

ప్రశ్న: అమెరికా నుంచి మా అమ్మాయి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ పంపింది. చెవి ఆనించి విన్నా ఫ్యాన్ శబ్దం రావడం లేదు. పాడైన పీస్ పంపారేమో?

జవాబు: కంగారు పడకండి, అందులో ఫ్యాన్ లేదు. 2020లో ఎం1 చిప్‌తో వచ్చినప్పటి నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఆపిల్ ఫ్యాన్ పెట్టడం మానేసింది. వేడి ఎక్కువైతే వేగం తగ్గించుకుంటుంది, అంతే. మీ అమ్మాయికి ఫోన్ చేసి అడగకుండా ముందు మాకు రాసి మంచి పని చేశారు.