తొండలపై పరిశోధన మొదలుపెట్టబోయే బిడ్డకు

చిరంజీవి బిడ్డకు చిన్నాయన ఆశీస్సులు.

తొండల ఆరోగ్యం, అవి బతికే తావుల మీద నువ్వు పరిశోధనకు దిగుతున్నావని మీ నాన్న చెప్పగా సంతోషించాను. జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ, వీలైనప్పుడల్లా ఈ గుట్టల వెంట తిరిగినవాడిగా నేను ముందుగా చెప్పదలచినది ఒక్కటే: తొండను కొలిచే ముందు అది కూర్చున్న చోటును కొలువు. దాని దేహం తనకు కావలసిన వేడిని బయటినుంచే తెచ్చుకుంటుంది గనుక, ఆ క్షణపు వేడి రాసి ఉండని గుండె వేగం గానీ, పరుగు వేగం గానీ, జీర్ణక్రియ వివరం గానీ మరొకరి లెక్కతో పోల్చడానికి పనికిరాదు.

ఈ వేడి ప్రభావం ఎంత దూరం పోతుందో ఆస్ట్రేలియా గడ్డపు తొండ, పొగోనా విట్టిసెప్స్, చూపించింది. వాటిలో లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములు మగవాటికి జెడ్‌జెడ్, ఆడవాటికి జెడ్‌డబ్ల్యూ ఉంటాయి. అయితే గుడ్లున్న చోట వేడి సుమారు 32 డిగ్రీలు దాటితే జెడ్‌జెడ్ పిల్లల్లోనూ కొన్ని ఆడవిగా పుడతాయి. అలాంటివి ప్రయోగశాలలోనే కాక బయట ప్రకృతిలోనూ ఉన్నాయని 2015లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అవి మామూలు మగవాటితో జతకడితే పుట్టే పిల్లల్లో డబ్ల్యూ క్రోమోజోమే ఉండదు, ఇక లింగ నిర్ణయమంతా వేడి చేతిలోకి పోతుంది. మన కంచెల మీది తొండ, కెలోటెస్ వెర్సికలర్, పునరుత్పత్తి గురించి ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పని జరిగింది. అది చదివాకే నీ ప్రశ్న రాసుకో. గుడ్ల గుంట దొరికితే గుడ్లను అటూఇటూ తిప్పకుండా, పక్కనే అదే లోతున వేడినీ తేమనూ నమోదు చేసే చిన్న పరికరం పెట్టి మట్టి కప్పెయ్యి.

పట్టుకోవడానికి సన్నని వెదురు కర్ర చివర దారపు ఉచ్చు చాలు. తొండ చేతికొచ్చిన వెంటనే, పొడవూ బరువూ చూడకముందే, అవస్కరంలో, అంటే మలమూత్రాలూ గుడ్లూ బయటికొచ్చే రంధ్రంలో, వేడిని కొలిచే సన్నని థర్మోకపుల్ తీగ పెట్టి దేహపు వేడి రాసుకో; ఎందుకంటే అంత చిన్న ప్రాణిని అరచేతిలో పట్టుకుంటే నీ చేతి వేడే కాసేపట్లో దానికెక్కి, అంకె నీదవుతుంది గానీ దానిది కాదు. అందుకే గ్లవుజు వేసుకుని వెనుక కాలు దగ్గర పట్టుకోవడం మేలు. తర్వాత అది కూర్చున్న రాయి వేడి, నీడలో గాలి వేడి, నేల నుంచి ఎత్తు రాసుకో. పొడవును మూతి కొన నుంచి అవస్కరం దాకా కొలవాలి, తోక వేరే. బరువు ఒక్కటే చూసి పుష్టిగా ఉందనుకోవద్దు, కడుపులో గుడ్లున్న ఆడది కూడా బరువే తూగుతుంది. చంకల్లో, చెవి రంధ్రం చుట్టూ ఎర్రని చుక్కల్లా అంటుకుని ఉండే పేలవంటి పురుగులను భూతద్దంతో లెక్కపెట్టు.

రక్తం తోక సిర నుంచి, దేహపు బరువులో ఒక శాతానికి మించకుండా తియ్యాలి. ఒత్తిడి హార్మోను కార్టికోస్టిరోన్ చూడదలిస్తే, ఉచ్చు పడినప్పటి నుంచి మూడు నిమిషాల్లో తీసెయ్యాలి, ఆ తర్వాత నువ్వు కొలిచేది నీ వల్ల దానికి పుట్టిన భయాన్నే. మనుషుల రక్తం చూసే ల్యాబు యంత్రానికి ఇవ్వకు. మన ఎర్రకణాల్లో లేని కేంద్రకం తొండ ఎర్రకణాల్లో ఉంటుంది కాబట్టి ఆ యంత్రం లెక్క తప్పుతుంది. గాజు పలక మీద పూత పూసి, జీమ్సా రంగు వేసి, సూక్ష్మదర్శినిలో నువ్వే చూడు. మలేరియా జాతి పరాన్నజీవులు తొండల్లోనూ ఉంటాయి.

తావుల ఎంపికలో తొందర వద్దు. హన్మకొండ గ్రానైటు గుట్ట, పాకాల చెరువు దిక్కు అడవి అంచు, పత్తి చేను గట్టు, ఈ మూడూ పోల్చదగినవే. పత్తి చేను దగ్గర రైతు ఏ మందు ఎప్పుడు కొట్టాడో అడిగి రాసుకోకపోతే, చేనులో పురుగులు తగ్గి తొండ బక్కచిక్కిందా, మందు తగిలి జబ్బుపడిందా విడదీయలేవు. గుట్టల్లో రాతి తొండల మగవి రంగు మార్చి కనిపిస్తే జబ్బనుకోవద్దు. ఈ రాతి తొండ, సామోఫిలస్ డోర్సాలిస్, మగవి ఆడదాని ముందు ఒక రంగూ, పోటీకొచ్చిన మగదాని ముందు మరో రంగూ చూపుతాయని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు గమనించారు.

ఊళ్లో అడిగితే తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని సామెత చెప్పేవారు ఉంటారు. ఆ రెండూ వేరు వేరు కుటుంబాలు గనుక, ఎవరైనా చూశామని చెప్పినదాన్ని ఫోటో లేకుండా నీ పట్టికలో ఎక్కించకు. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి, కాలేజీ జంతు నైతిక కమిటీ ఆమోదం వచ్చేదాకా ఉచ్చు కర్ర చేతపట్టకు. ఆ కాగితాల నకళ్లు సంచిలోనే ఉంచు, గుట్ట కింద గొర్లు కాసేవాళ్లకు నువ్వేం చేస్తున్నావో మొదటి రోజే చెప్పు, తొండలు ఎక్కడ ఎండ కాచుకుంటాయో నీకంటే వాళ్లకే ముందు తెలుసు.

నీ చిన్నాయన,
హన్మకొండ