ఎమర్జెన్సీలో చేరబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీకు ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పీజీ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒకటే సంతోషం, ఒకటే టెన్షన్. గుండెపోట్లు, యాక్సిడెంట్లు మీ ప్రొఫెసర్లు నేర్పుతారు. మానసిక జబ్బుతో బాధపడుతూ తమను తామే తీవ్రంగా గాయపరచుకుని వచ్చేవాళ్ల గురించి మాత్రం నేను చెప్పాలి.

ముందు ఊపిరి, రక్తస్రావం, బీపీ, షుగర్. అవి నీకు తెలిసినవే.

నేను క్యాజువాలిటీలో నర్సుగా చేరిన కొత్తలో స్కిజోఫ్రీనియా ఉన్న ఒక కుర్రాణ్ణి తెచ్చారు. చేతికి లోతైన గాయం. ఏడవలేదు, మూలగలేదు. "వీడికి నొప్పి తెలీదులే" అంటూ డ్యూటీ డాక్టరు మత్తు ఇవ్వకుండానే కుట్లు వేశాడు. వేళ్లు కదిపి చూడమనలేదు. లోపల టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే నరం లాంటి తాడు) తెగిందని తర్వాతెప్పుడో బయటపడింది. ఎందుకిలా చేశావని కూడా ఎవరూ అడగలేదు. నేను కట్టు కడుతుంటే మెల్లగా చెప్పాడు, ఎవరివో గొంతులు చెవిలో వినిపించి అలా చెయ్యమంటున్నాయని, ఇప్పుడూ అంటున్నాయని. అప్పటికే డిశ్చార్జి కాగితం రాసేశారు! నేను పరిగెత్తి గొడవపెడితే గానీ ఆపలేదు.

అందుకే, పేషెంటు ఉలకకుండా పలకకుండా ఉంటే కుదుటపడ్డాడనుకోకు. కుట్లు వేసేటప్పుడు మత్తు ఇవ్వడం మానకు. బంధువుల్ని కాసేపు బయటికి పంపి సూటిగా అడుగు: చనిపోవాలనిపిస్తోందా? గొంతులు వినిపిస్తున్నాయా? ఏం చెయ్యమంటున్నాయి? అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

ఇలాంటి గొంతుల్ని, ఆందోళనని తగ్గించే హాలోపెరిడాల్ మందు ఇచ్చాక పేషెంటు కాలు నిలవక తిరుగుతుంటే జబ్బు ముదిరిందని వెంటనే ఇంకో డోసు వెయ్యకు. అది మందు వల్ల వచ్చిన అకథీసియా, అంటే కుదురుగా ఉండలేని అస్థిమితం, కావచ్చు.

ఒంటరిగా మాత్రం వదలకు. బాత్రూమ్‌కి వెళ్లినా ఒకరు తోడుండాలి. ఇది నా చాదస్తమని మీ అమ్మ అంటుంది, అననీ.

పోలీసు కేసని ఇంట్లోవాళ్లు భయపడి నిజం దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు చూడాలి గానీ శిక్షించకూడదని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పు. సైకియాట్రీ వాళ్లు చూడకుండా ఇంటికి పంపకు. పంపేటప్పుడు టెలీ మానస్ (మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ) నంబరు 14416 రాసివ్వు.

"మళ్లీ వచ్చావా?" అనే మాట నీ నోట వచ్చిందని తెలిస్తే ఊరుకోను. ఎంత అలసిపోయినా సరే. అలాగని తిండి మానేసి తిరగకు తల్లీ. అలాంటి కేసు చూసిన రాత్రి నిద్రపట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా ఎత్తుతాను.

చేరే తేదీ తెలియగానే చెప్పు. మీ అమ్మతోపాటు నేనూ వస్తాను.

నీ పెద్దమ్మ