అమ్మకానికి ముందే దరఖాస్తు: చిన్న పరిశ్రమల పాఠకులకు జవాబులు

ప్రశ్న: మాది వరంగల్‌లో చిన్న వర్క్‌షాపు. ఎండుమిర్చి తొడిమలు తీసే యంత్రం తయారుచేసి, పోయిన సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే వ్యాపారులకు ఆరు అమ్మాను. పనిచేసే తీరు తెలియాలని వీడియో కూడా పెట్టాను. ఇప్పుడు ఇద్దరు అచ్చం అలాంటిదే చేసి తక్కువ ధరకు ఇస్తున్నారు. పేటెంటు తీసుకుని వారిని ఆపగలనా? కాయ లావును బట్టి రోలర్ల మధ్య ఎడం దానంతటదే మారే కొత్త ఏర్పాటు కూడా చేశాను. అది ఇంకా ఎవరికీ చూపలేదు.

జవాబు: చెప్పడానికి నాకు బాధగానే ఉంది కానీ, మీరు అమ్మిన ఆ ఆరు యంత్రాలకు సంబంధించి ఇక పేటెంటు రాదు. దరఖాస్తు వేసే నాటికి ఆ సంగతి ఎక్కడా ప్రచురణ కాకుండా, బహిరంగంగా వాడుకలోకి రాకుండా ఉండాలని 1970 నాటి పేటెంట్ల చట్టం కోరుతుంది. బయటపెట్టినది మీరే అయినా ఫలితం మారదు. ఇదే చట్టంలోని 32వ సెక్షన్ ఒక చిన్న వెసులుబాటు ఇస్తుంది. సహేతుకమైన పరీక్ష కోసం, బహిరంగంగా చేయక తప్పని పరిస్థితిలో, దరఖాస్తుకు ముందు ఏడాది లోపల యంత్రాన్ని నలుగురి మధ్య నడిపి చూసినంత మాత్రాన హక్కు పోదు. అయితే అది పరీక్షకే గాని అమ్మకానికి వర్తించదు. ఒక రైతు కల్లంలో వారం రోజులు నడిపి చూడటం వేరు, బిల్లు రాసి ఇచ్చేయడం వేరు.

మీ చేతిలో మిగిలిన ఆస్తి ఆ కొత్త ఏర్పాటే, ఈ నెలలో మీరు చేయవలసిన మొదటి పని దాన్ని కాపాడుకోవడమే. అది పూర్తిగా తయారయ్యే వరకు ఆగనక్కరలేదు. ముందుగా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే ఆ తేదీ మీదవుతుంది, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. చిన్న సంస్థగా గుర్తింపు చూపితే దరఖాస్తు రుసుము 8,000 రూపాయలకు బదులు 1,600, కార్యాలయం మీ దరఖాస్తును పరిశీలించే 'పరీక్ష' రుసుము 20,000కు బదులు 4,000 మాత్రమే. ఇందుకు చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ ధ్రువపత్రంతో 28వ నంబరు ఫారం జతచేయాలి. ఈ పరీక్ష కోరే అభ్యర్థన 31 నెలల లోపల అందాలి. దరఖాస్తు రాసిపెట్టే పేటెంటు ఏజెంటు ఫీజు వీటికి అదనం. ఆ ఒక్క చోట మాత్రం పొదుపు చేయవద్దని నా గట్టి సలహా.

ఎందుకంటే పేటెంటు బలమంతా క్లెయిములు, అంటే దేనిపై హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు, రాసే తీరులోనే ఉంటుంది. మీ ఏర్పాటులో స్ప్రింగు ఉందనుకుందాం. 'స్ప్రింగుతో కదిలే రోలరు' అని రాస్తే, పక్క షెడ్డువాళ్లు స్ప్రింగు తీసేసి బరువు వేలాడదీస్తారు, మీ పేటెంటు వారిని తాకను కూడా తాకదు. కాబట్టి ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు, మీ యంత్రాన్ని కాపీ కొట్టదలచినవారు ఏయే భాగాలు మార్చి తప్పించుకోగలరో మీరే కూర్చుని రాసుకోండి. ఆ పని మీకన్నా బాగా ఎవరూ చేయలేరు. తెలిసిన భాగాలను పక్కపక్కన చేర్చి, ఏ భాగం పని అది చేసుకుపోతే దాన్ని ఆవిష్కరణగా లెక్కించరు. అందువల్ల రోలరు, షాఫ్టు, స్ప్రింగు ఒకదానితో ఒకటి కలిసి కాయ విరగకుండా ఎలా చూస్తున్నాయో వివరించాలి. విరిగిన కాయల లెక్క పాత యంత్రంతో ఎంత, కొత్తదానితో ఎంత అని తూకం వేసి నమోదు చేసుకోండి. చదువు లేదని వెనకాడవద్దు. తల్లి చేతుల నొప్పి చూసి, చీర నేతకు ముందు దారం ఆసు పోసే ఆసుయంత్రం చేసిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది.

దరఖాస్తు పడ్డాక కొత్త యంత్రాన్ని నిశ్చింతగా అమ్మవచ్చు. పేటెంటు మంజూరయ్యాకే దావా వేయగలరు గాని, సాధారణంగా 18 నెలలకు పేటెంటు కార్యాలయం మీ దరఖాస్తును ప్రచురించిన నాటి నుంచి నష్టపరిహారం లెక్కించే వీలుంది. మీ దగ్గర పనిచేసేవారితో గోప్యత ఒప్పందం రాయించుకోండి. అయితే పని మానేశాక ఇంకెక్కడా ఇలాంటి పని చేయకూడదన్న షరతు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

ప్రశ్న: ఆర్మూరు దగ్గర మాకు పసుపు మిల్లు ఉంది. మా నాయనమ్మ నేర్పిన పసుపు లేపనం గాయాలకు బాగా పనిచేస్తుంది. దీనికి పేటెంటు వస్తుందా?

జవాబు: రాదు, రాకూడదు కూడా. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను, 1953 నాటి ఒక వైద్య పత్రిక వ్యాసాన్ని సాక్ష్యంగా చూపి పోరాడితే 1997లో దాన్ని రద్దుచేశారు. అందరికీ చెందిన తెలివి ఒకరి సొత్తు కాకూడదన్న ఆ వాదనే మన చట్టంలోని 3వ సెక్షన్‌లోనూ ఉంది. సంప్రదాయ విజ్ఞానానికి, పదార్థాల్లో ముందే ఉన్న గుణాలు కలవడం తప్ప కొత్తదేమీ లేని మిశ్రమానికి పేటెంటు లేదు. మీరు గనక పసుపులోని సారం చెడకుండా నిలవ ఉంచే కొత్త పద్ధతి కనిపెట్టి, దాని ఫలితాన్ని ప్రయోగంతో చూపగలిగితే, ఆ పద్ధతి గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. పేటెంటు అంటే 20 ఏళ్ల హక్కుకు బదులుగా మీ రహస్యాన్ని లోకానికి చెప్పడం. డబ్బా విప్పి చూసినా ఎదుటివారు కనుక్కోలేని పద్ధతి అయితే రహస్యంగా ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. తొడిమల యంత్రానికి ఆ వీలు లేదు, బోల్టులు విప్పితే అంతా తెలిసిపోతుంది.

ప్రశ్న: కొత్తవాడలో దర్రీలు నేస్తాం. వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, మేము వేసిన కొత్త డిజైనును ఇతరులు మరమగ్గాలపై దించుతుంటే అది అడ్డుకోదా?

జవాబు: 2018లో వచ్చిన ఆ గుర్తింపు కాపాడేది పేరును. మరోచోట చేసినదాన్ని 'వరంగల్ దర్రీ' అని అమ్మితే అడ్డుకోవచ్చు, ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా మీ పేరు కూడా నమోదు చేయించుకోవడం మంచిది. మీ సొంత అల్లికకు మాత్రం 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా నమోదు కావాలి. చిన్న సంస్థకు రుసుము 1,000 రూపాయలు, రక్షణ 10 ఏళ్లు, ఆపైన మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఇక్కడ కూడా మొదటి దర్రీ ఎగ్జిబిషన్‌కు పోకముందే దరఖాస్తు పడాలి. బొమ్మ మీద కాపీరైటు ఎలాగూ ఉంటుందని చాలామంది ధీమాగా ఉంటారు. నమోదు చేయించదగిన డిజైనును నమోదు చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి ప్రతులు తీస్తే ఆ కాపీరైటు కూడా పోతుంది.

ప్రశ్న: 'కాకతీయ' పేరుతో కారంపొడి అమ్ముతున్నాం. కంపెనీ రిజిస్టరు చేశాం. పేరు మాదైనట్టేనా?

జవాబు: కాదు. కంపెనీ నమోదు వేరు, సరుకు పేరుపై హక్కునిచ్చే ట్రేడ్‌మార్కు వేరు. పైగా మన వరంగల్‌లో బడి నుంచి బస్సు ట్రావెల్స్ దాకా అందరూ వాడుకునే పేరు అది, ఒక్కరికే దక్కడం కష్టం. మీకంటే ముందు నుంచి వాడుతున్నవారు ఉంటే వారిని ఆపలేరు. పక్కన మీదైన కొత్త మాటను, గుర్తును చేర్చి, మసాలాలకు చెందిన 30వ తరగతిలో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ముందు వెతికి, అప్పుడు దరఖాస్తు వేయండి. చిన్న సంస్థకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే 10 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవచ్చు. కొత్త ప్యాకెట్ల అచ్చుకు ఆర్డరు ఆ వెతుకులాట పూర్తయ్యాకే ఇవ్వండి.