పరిచయాల కోసం చేరి, వాదనల్లో పడుతున్నాను

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఉద్యోగ పరిచయాల కోసం లింక్డ్‌ఇన్‌లో చేరాను. రాజకీయ పోస్టులు కనిపిస్తే ఊరుకోలేక కామెంట్ చేస్తున్నాను. ఈమధ్య ఒక సీనియర్‌తో గొడవే అయింది. అకౌంట్ తీసేయమంటారా?

జవాబు: వద్దు. ఆ పరిచయాలతో మీకు అసలు అవసరం పడేది ఇప్పుడే. ఉద్యోగాల కబురు ఆప్తుల కంటే అంతగా దగ్గరకానివాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లోనే రాశారు. లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్ల మంది మీద జరిగిన పరిశోధన 2022లో వెలువడింది. ఒక మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే కొత్త ఉద్యోగానికి ఎక్కువగా ఉపయోగపడ్డారని అందులోనూ తేలింది. మన స్నేహితులకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి కదా!

వాదనలు దెబ్బతీసేది సరిగ్గా ఈ పరిచయాలనే. మీ స్నేహితుడికి మీరెలాంటివారో తెలుసు కాబట్టి ఒక ఘాటు మాట అన్నా సర్దుకుపోతాడు. దూరపు పరిచయస్తుడికి మీ గురించి తెలిసింది ఆ కామెంట్ ఒక్కటే కావచ్చు. పైగా అది ఆ పోస్టు కిందే ఆగిపోదు. మీ ప్రొఫైల్‌లోని యాక్టివిటీలో కనిపిస్తుంది, మీ కనెక్షన్ల ఫీడ్‌లోకీ వెళ్లొచ్చు. మీరు ఒకరితో వాదిస్తున్నాననుకుంటారు, చూసేవాళ్లు మాత్రం చాలామంది.

అభిప్రాయాలు వదులుకోమని నేను చెప్పను. వాటిని మనుషులతో ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి. మారుపేరుతో ఇంకో అకౌంట్ తెరవమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు, ఆ అకౌంట్ మీదేనని ఏదో ఒకరోజు బయటపడుతుందన్న టెన్షన్ వెంటే ఉంటుంది. మీ రంగాన్ని తాకే చట్టమేదైనా వస్తే తప్పకుండా రాయండి. దానివల్ల పనిలో ఏం మారుతుందో చెప్పండి, పార్టీల ఊసు ఎత్తకండి.

అస్తమానం రాజకీయాలు పెట్టేవారిని అన్‌ఫాలో చేయండి. కనెక్షన్ అలాగే ఉంటుంది, వారికి నోటిఫికేషన్ కూడా వెళ్లదు.

ఇక మీ సీనియర్ సంగతి. ఆ పోస్టు కింద కాకుండా విడిగా మెసేజ్ పెట్టండి: "ఆ రోజు నేను మాట్లాడిన తీరు బాగాలేదు, క్షమించండి." మీ అభిప్రాయం మారిందని అబద్ధం చెప్పక్కర్లేదు. అదే మెసేజ్‌లో రిఫరల్ (ఉద్యోగానికి సిఫారసు) మాత్రం అడగకండి. జవాబు రాకపోతే వెంటపడొద్దు. కొన్నాళ్లకు వారు పని గురించి ఏదైనా రాస్తే, అందులో మీకు నిజంగా ఉన్న సందేహం ఒకటి అడగండి.