వియత్నాం పొలాలు చూడబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వియత్నాం దక్షిణాన ఉన్న మెకాంగ్ డెల్టాను చూసి వచ్చి అక్కడి వరి గురించి మన రైతులకు రాస్తావని తెలిసి చాలా సంతోషించాను. పరదేశపు పంట గురించి మన రైతు కాలక్షేపానికి చదవడు. నచ్చిందంటే అప్పు తెచ్చయినా వేస్తాడు. అందుకే నువ్వు బయల్దేరేలోపు కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

అన్నిటికన్నా ముందు కొలతలు. డెల్టా రైతు ఎకరాల్లో మాట్లాడడు, 'కొంగ్' అంటాడు. మామూలుగా అది 1,000 చదరపు మీటర్లు. కానీ పాత వాడుకలో పెద్ద కొంగ్ ఒకటుంది, అది 1,296. ఉత్తరాదికి వెళ్తే 'సావ్' వినిపిస్తుంది, అక్కడ 360 చదరపు మీటర్లు. దేశం మధ్య భాగంలో అదే సావ్ 500. కాబట్టి ఏ కొలతో రైతునే అడిగి, ఆయన ముందే పుస్తకంలో రాసుకో.

ఆ తర్వాత తేమ. కోత రోజున కాలువ గట్టు మీద కాసేపు నిలబడి చూడు. హార్వెస్టర్ నుంచి దిగిన బస్తాలు నేరుగా గట్టుకు చేరతాయి. వ్యాపారి పడవ అక్కడే ఆగి ఉంటుంది. కాటా వేసి, పచ్చి ధాన్యాన్నే ఎత్తుకుపోతారు. చాలామంది రైతులకు కళ్లం పని, ఆరబోత పని ఉండవు. అందుకే వాళ్ల నోట వచ్చే దిగుబడి పచ్చి ధాన్యం తూకమే.

ఒక రైతు 'కొంగ్‌కు 800 కిలోలు' అన్నాడనుకో. చిన్న కొంగ్ అనుకుని లెక్కకడితే ఎకరానికి 75 కిలోల బస్తాలు 43 వస్తాయి. ఆయన మనసులో ఉన్నది పెద్ద కొంగ్ అయితే 33. ఆ ధాన్యంలో తేమ 25 శాతం ఉంటే, 14 శాతానికి ఆరేసరికి మిగిలేవి 29. నువ్వు 43 అని అచ్చేస్తే, దాన్ని నమ్మి ఇక్కడొకడు కౌలు పెంచి ఒప్పుకుంటాడు. ఈ ఒక్క లెక్క సరిగ్గా రాస్తే నీ ప్రయాణం ఖర్చు గిట్టినట్టే.

కౌలంటే గుర్తొచ్చింది. అక్కడ భూమి మీద యాజమాన్యం ప్రజలందరిదీ, నిర్వహణ ప్రభుత్వానిది. రైతుకు ఉండేది సాగు హక్కు, ఏడాది పంటల భూమికైతే 50 ఏళ్లకు. ఆ హక్కును అమ్ముకోవచ్చు, తాకట్టూ పెట్టుకోవచ్చు. 'సొంత భూమేనా' అని అడిగి ఊరుకోకుండా, కాగితం ఎవరి పేరున ఉంది, బ్యాంకులో ఉందా ఇంట్లో ఉందా అని అడుగు. అప్పు సంగతి అప్పుడు దానంతటదే బయటికొస్తుంది.

ఏడాదికి మూడు పంటలని గొప్పగా చెబుతారు. నిజమే. అయితే డెల్టాలోని ఆన్ జాంగ్ రాష్ట్రం వైపు మూడో పంట పండేది ఎత్తైన గట్లు కట్టి వరదను బయట ఆపినందువల్ల. వరదతో పాటు ఒండ్రు కూడా బయటే ఆగిపోతుంది. ఎరువు ఖర్చు ఏటేటా ఎలా మారిందో అడగకుండా ఆ గట్టు దిగకు.

దేశానికి దక్షిణ కొసన ఉన్న కా మావ్ వైపు తప్పకుండా వెళ్లు. వానాకాలం వరి, ఎండాకాలం అదే చెక్కలో ఉప్పునీటి రొయ్య. మన డెల్టాలో చెరువు తవ్విన పొలం మళ్లీ వరికి తిరిగి రావడం అరుదు కాబట్టి, ఇది మనవాళ్లు కళ్లారా చూడాల్సిన సాగని నా నమ్మకం. పొలం చుట్టూ కందకం, నడుమ వరి చెక్క. తొలి వానలతో ఉప్పు కడిగేస్తేనే నాటు పడుతుంది. ఉప్పు దిగిందని రైతు ఎలా తెలుసుకుంటాడు, వాన ఆలస్యమైతే ఏం చేస్తాడు, పక్క చెక్కవాడు రొయ్యల సాగు ఆపనంటే పంచాయితీ ఎవరు తీరుస్తారు, ఇవన్నీ అడుగు. 2016లో, 2020లో ఉప్పునీరు చాలా లోపలికి చొచ్చుకొచ్చింది. ఆ రెండేళ్లలో ఏం పోయిందో అడిగితే, ఆ సాగు బలమెంతో బలహీనతెంతో నీకే తెలుస్తుంది.

అధికారులు నిన్ను పది లక్షల హెక్టార్ల తక్కువ ఉద్గారాల వరి (పొలం నుంచి మీథేన్ లాంటి వాయువులు తక్కువగా వెలువడే సాగు) పథకం పొలాలకు తీసుకెళ్తారు. 2023 చివర్లో ఆమోదించిన పథకం అది. ఆరుతడి పెట్టే తీరు, నీటిమట్టం చూసుకునే గొట్టం శ్రద్ధగా చూడు. చూశాక, గట్టుకు అవతలి పొలం ఎవరిదో అడిగి అక్కడికీ వెళ్లు. పథకంలో లేని రైతు మాటే నీకు తూకపురాయి.

దుబాసీగా పొలంలో పెరిగిన పిల్లనో పిల్లాడినో వెతుక్కో. కాన్ థో విశ్వవిద్యాలయం వ్యవసాయ విద్యార్థులైతే మరీ మంచిది. 1970ల చివర్లో సుడిదోమ వరిని మింగేస్తుంటే, దాన్ని తట్టుకునే ఐఆర్36 విత్తనం తెప్పించి పెంచి, తరగతులు ఆపి విద్యార్థుల చేత ఊళ్లకు చేర్పించింది ఆ విశ్వవిద్యాలయమే. ఆ పని నడిపించిన వో టాంగ్ సువాన్ 2024లో కన్నుమూశారు. ఆ కథను నువ్వు వివరంగా రాయాలని నా కోరిక.

రైతు ఇంట్లో కూర్చోగానే నీ వయసు అడుగుతారు. నొచ్చుకోకు. అక్క అనాలో చెల్లి అనాలో తేల్చుకోవడానికే.

విత్తనం, కొమ్మ, పిడికెడు మన్ను, ఏదీ సంచిలో వేసుకురాకు. 2021లో మన మిరప పూతను ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియాదే. ఫొటోలు చాలు. పొలాల్లో తిరిగిన చెప్పులను విమానం ఎక్కేలోపే కడిగి ఆరబెట్టుకో.

2025 జులైలో అక్కడి 63 రాష్ట్ర స్థాయి పాలనా ప్రాంతాలను 34కు కుదించారు, జిల్లాలు ఎత్తేశారు. డెల్టాలోని పాత సోక్ ట్రాంగ్ రాష్ట్రం ఇప్పుడు కాన్ థోలో ఉంది. నీ దగ్గరున్న పాత చిరునామాలు మళ్లీ సరిచూసుకో. ఇంకొకటి, పత్రిక పనికి పర్యాటక వీసా పనికిరాదు. వాళ్ల విదేశాంగ శాఖ అనుమతి కావాలి. ఢిల్లీలో వాళ్ల రాయబార కార్యాలయానికి ఈ వారమే రాయి. శీతాకాలపు వరి కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది, చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవులు దాటాక దిగేలా చూసుకో.