పసుపు మీద రీసెర్చ్ చేస్తానంటే బీఈడీ చేయమంటున్నారు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) తాగిన మా నాయనమ్మకు అంగిట్లో క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు రేడియేషన్ ఇస్తున్నారు. పసుపు, అశ్వగంధలోని పదార్థాలతో నోటి క్యాన్సర్ కణాలు రేడియేషన్‌కు బాగా లొంగుతాయని చదివాను. దానిమీదే రీసెర్చ్ చేయాలనుంది. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు నాయనమ్మ సంగతి. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. పసుపు మాత్రలు, అశ్వగంధ చూర్ణం మాత్రం డాక్టరును అడగకుండా ఇవ్వకండమ్మా.

మీరు చదివింది అబద్ధం కాదు. రేడియేషన్ కణంలోని డీఎన్ఏను తెంపుతుంది. మొండి కణం దాన్ని అతికించుకుని మళ్లీ పెరుగుతుంది. ఆ అతుకు పడనివ్వకపోయినా, రేడియేషన్‌కు బాగా లొంగే దశలో కణాన్ని ఆపేసినా పని అవుతుంది. పసుపులోని కర్కుమిన్ కణాన్ని బతికించే కొన్ని ప్రోటీన్లను అణచడం ల్యాబ్‌లో చూశారు. చిక్కేమిటంటే, మింగిన కర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది బహు తక్కువ.

ల్యాబ్ దాటి రోగి దాకా వచ్చిన మొక్క మందు చూడాలంటే డోసిటాక్సెల్‌ను చూడండి. యూ చెట్టు ఆకుల్లోని పదార్థం నుంచి తయారవుతుంది. రేడియేషన్‌తో పాటు మామూలుగా ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి వీల్లేని 356 మంది తల, మెడ క్యాన్సర్ రోగులపై ముంబై టాటా మెమోరియల్‌లో దీన్ని పరీక్షించారు. జబ్బు తిరగబెట్టకుండా రెండేళ్లు బతికినవారు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 30.3 శాతం, డోసిటాక్సెల్ కూడా తీసుకున్నవాళ్లలో 42 శాతం. అయితే తీవ్రమైన నోటిపూత కూడా రెట్టింపు దాటింది. నాయనమ్మను చూస్తున్నారు కాబట్టి దాని అర్థం మీకు చెప్పక్కర్లేదు.

ఇక రోజూ చేసే పని. కణాలను గిన్నెల్లో చల్లి, మందు కలిపి, 2, 4, 6 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున రేడియేషన్ ఇచ్చి, రెండు వారాలు ఆగుతారు. తర్వాత ఊదా రంగు వేసి ఎన్ని గుంపులు మొలిచాయో లెక్కపెడతారు. 50 కణాలైనా లేని గుంపు లెక్కలోకి రాదు. మధ్యలో ఫంగస్ పడితే మళ్లీ మొదటికే. ఇదే పని ఏళ్ల తరబడి. ఇది వింటే విసుగొచ్చిందా, ఉత్సాహం వచ్చిందా? మొక్క మీద ప్రేమకంటే ఈ జవాబే నాకు ముఖ్యం. పేపర్లు చదివేటప్పుడు ఏ కణాలు వాడారో కూడా చూడండి. నోటి క్యాన్సర్‌వని దశాబ్దాలపాటు వాడిన కేబీ కణాలు నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌వని తర్వాత తేలింది!

దారి తెలిసిందే. బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష గ్యాట్-బీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఎస్సీ బయోటెక్నాలజీకి పోటీ పడొచ్చు. ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ కూడా ఉన్నాయి. ఎంఎస్సీతో సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ. పీహెచ్‌డీకి నవీ ముంబైలోని టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ నేరుగా క్యాన్సర్ పరిశోధనకే ఉంది. మొక్కల నుంచి పదార్థాలు వేరుచేసే కెమిస్ట్రీ నచ్చితే హైదరాబాద్‌లోని కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐఐసీటీ వైపు చూడండి.

ఇంట్లోవాళ్ల టెన్షన్‌లోనూ న్యాయం ఉంది. పీహెచ్‌డీ ఐదేళ్లు, పర్మనెంట్ ఉద్యోగం ముప్పై దాటాకే అనుకోండి. కానీ బీఈడీ ఎంఎస్సీ తర్వాతా చేయొచ్చు. రెండేళ్లు గడువడగండి, ఆలోగా జేఆర్ఎఫ్ రాకపోతే మళ్లీ మాట్లాడుకుందామని చెప్పండి.

ఎంఎస్సీ ప్రాజెక్టుకు ల్యాబ్ వెతికేటప్పుడు ఒక్కటి అడగండి: రేడియేషన్ ఎక్కడ ఇస్తారు? చాలా ల్యాబుల్లో సొంత మెషీన్ ఉండదు. గిన్నెలు పట్టుకుని దగ్గర్లోని క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లి, రోగులందరి వంతూ అయ్యేదాకా కారిడార్‌లో కూర్చోవాలి.