పచ్చదోమ కాదు, మీ వరిని కాస్తున్న మిరిడ్ నల్లి

ప్రశ్న: వరి నాటి 55 రోజులైంది. దుబ్బుల మొదళ్లలో చిన్న పచ్చని పురుగులు చకచకా తిరుగుతున్నాయి. పచ్చదోమ అని షాపులో చెబితే 20 రోజుల కిందట లామ్డా సైహలోత్రిన్ కొట్టాను. కనిపించకుండా పోయి మళ్లీ వచ్చాయి. ఇప్పుడు దుబ్బుకు ఐదారు గోధుమరంగు దోమలు కూడా ఉన్నాయి. అదే మందు డోసు పెంచి కొట్టమంటున్నారు. కొట్టమంటారా?

జవాబు: వద్దు. మీరు పంపిన ఫొటోలో ఉన్నది పచ్చదోమ కాదు, మిరిడ్ నల్లి. పేరులో నల్లి ఉన్నా వరి కంకిని పాడుచేసే కంకినల్లితో దీనికి ఏ సంబంధమూ లేదు. ఇది వరికి నష్టం చేయదు, సుడిదోమను, అంటే మీరు చెప్పిన గోధుమరంగు దోమను తింటుంది. 20 రోజుల కిందట మీరు చంపింది దీన్నే. ఇప్పుడు గోధుమరంగు దోమ కనిపించడానికి అదే కారణమై ఉంటుందని నా అనుమానం.

ఒకసారి దుబ్బును పక్కకు వంచి, మొదట్లో చేత్తో తట్టి నీళ్ల మీద పడినవాటిని చూడండి. పచ్చదోమ ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది, మీసాలు కనబడీ కనబడనట్టుంటాయి, కదిలిస్తే పక్కకు నడుస్తుంది లేదా ఎగురుతుంది. మిరిడ్ నల్లి బియ్యపు గింజలో సగం ఉంటుంది. సన్నని ఒళ్లు, నల్లని తల, పొడవాటి మీసాలు, సన్నని కాళ్లు. కాసేపు కదలకుండా గమనిస్తే పిలకను చుట్టి ఉండే ఆకు తొడుగు మీద ముక్కు గుచ్చి ఆగుతుంది. సుడిదోమ గుడ్లు పెట్టేది ఆ తొడుగు లోపలే. పైన కొట్టిన మందు చాలావరకు ఆ గుడ్లను తాకదు. ఈ నల్లి మాత్రం ముక్కు దించి వాటిని పీల్చేస్తుంది. రోజుకు 7 నుంచి 10 గుడ్లు, లేదా ఒకటి నుంచి ఐదు దోమలు దీనికి తిండి.

సుడిదోమ ఒక్కటి 200కు పైగా గుడ్లు పెట్టగలదు. మిరిడ్ నల్లి 10 నుంచి 20 పిల్లలనే కంటుంది, అవి పెద్దవి కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే లామ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొడితే రెండూ చచ్చినా తిరిగి ముందు లేచేది దోమే. పైగా ఈ మందుల్లో కొన్ని దోమ గుడ్లు పెట్టడాన్నే పెంచుతాయి. వరిలో సుడిదోమ ఉన్నచోట లామ్డా సైహలోత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ఏవీ వాడొద్దు. పురుగు పేరు షాపు కౌంటర్ దగ్గర తేలదండీ! పొలంలో దిగి, దుబ్బు వంచి చూసినవాళ్లు చెప్పాలి. మందు అమ్మేవాళ్లు చెప్పారని డోసు పెంచడం మీ పైరుకు మీరే చేటు చేసుకోవడం.

ఇప్పుడు చేయాల్సింది: గట్ల మీద నుంచి కాకుండా పొలంలోకి దిగి, ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూ 20 దుబ్బులు లెక్కపెట్టండి. దోమలు, మిరిడ్ నల్లులు విడివిడిగా రాయండి. పిలక దశలో దుబ్బుకు 10-15, ఈనిక దశ నుంచి 20-25 దోమలు దాటితేనే మందు. మీ ఐదారుకు ఇప్పుడు ఏమీ అక్కర్లేదు. పైరును పాయలుగా తీసి మొదళ్లకు గాలి, వెలుతురు తగలనివ్వండి. నీళ్లు నిల్వ పెట్టకుండా ఆరుతడిగా పెట్టండి. యూరియా ఇక వేయకండి, పైరు పచ్చగా లేదని టెన్షన్ పడొద్దు.

లెక్క దాటితే పైమెట్రోజైన్ 50 శాతం మందు ఎకరాకు 120 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి, నాజిల్ దుబ్బు మొదళ్లకు తిప్పి కొట్టండి. ఇది దోమ తిండి మాన్పిస్తుందే గానీ వెంటనే చంపదు. రెండు మూడు రోజులకు కూడా దోమలు కనబడతాయి. పని చేయలేదని వేరే మందు కలిపి మళ్లీ కొట్టకండి. వారం తర్వాత మళ్లీ 20 దుబ్బులు లెక్కపెట్టి, దోమలు ఎన్ని, నల్లులు ఎన్ని ఉన్నాయో నాకు రాయండి.